క్రాన్ వదిలి సిస్టమ్‌డీ టైమర్లకు మారిన ఎనిమిది నెలలు

క్రాన్ (చెప్పిన టైమ్‌కి కమాండ్లు నడిపే పాత ప్రోగ్రాం) కింద నడిచే మా డేటాబేస్ బ్యాకప్ పదకొండు రాత్రులు ఖాళీగా పోయింది. ఫైలు రోజూ ఉంది, పేరులో తేదీ సరిగ్గానే ఉంది, సైజు మాత్రం 0. కొత్త సర్వర్‌లో పీజీ_డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కాపీ తీసే కమాండ్) /యూఎస్ఆర్/లోకల్/పీజీఎస్‌క్యూఎల్/బిన్‌లో ఉంది. నేను లాగిన్ అయి స్క్రిప్టు నడిపితే చక్కగా పనిచేసింది, నా పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే చోట్ల జాబితాలో) ఆ చోటు ఉంది కాబట్టి. క్రాన్ మాత్రం /యూఎస్ఆర్/బిన్, /బిన్ తప్ప ఇంకెక్కడా వెతకలేదు. కమాండ్ దొరక్కపోయినా షెల్ (స్క్రిప్టును నడిపే ప్రోగ్రాం) ముందే ఖాళీ ఫైలు తెరిచిపెట్టేస్తుంది. ఆ కింది లైనులోనే ఏడు రోజులు దాటిన ఫైళ్ళు తీసేసే కమాండ్ ఉంది. మంచి కాపీలన్నీ అలా పోయాయి. ఒక సహోద్యోగి టెస్టింగ్ కోసం దించుకున్న కాపీ ఉండబట్టి గట్టెక్కాం.

ఎర్రర్‌ని క్రాన్ మెయిల్ చేస్తుంది. ఆ సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామే లేదు. అవుట్‌పుట్ పారేస్తున్నానని సిస్‌లాగ్‌లో (సర్వర్ చిట్టాలో) ప్రతి రాత్రీ ఒక లైను పడుతూనే ఉంది. నేనే చూడలేదు.

ఆ వారమే క్రాన్‌లోని పద్నాలుగు జాబ్‌లను సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపించే ప్రోగ్రాం) టైమర్లకు మార్చాను. నాకు అన్నిటికంటే నచ్చింది లిస్ట్-టైమర్స్ కమాండ్. ప్రతి జాబ్ కిందటిసారి ఎప్పుడు నడిచిందో, మళ్ళీ ఎప్పుడు నడుస్తుందో ఒకే తెర మీద కనిపిస్తుంది. స్క్రిప్టు ప్రింట్ చేసిన ప్రతి మాటా జర్నల్‌లో (సిస్టమ్‌డీ చిట్టాలో) సర్వీసు పేరు కింద దొరుకుతుంది. నడుస్తున్న జాబ్ పూర్తికాకముందే మళ్ళీ టైమ్ అయితే రెండోది మొదలవదు. క్రాన్‌లో దీనికోసం ఎఫ్‌లాక్ (తాళం వేసే కమాండ్) పెట్టుకునేవాణ్ణి. పర్సిస్టెంట్ అని పెడితే, మెషిన్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన జాబ్ బూట్ కాగానే నడుస్తుంది.

మొదటి రాత్రే మూడు జాబ్‌లు 203/ఎగ్జెక్ (స్క్రిప్టును మొదలుపెట్టలేకపోయాననే ఎర్రర్) అని ఆగిపోయాయి. స్క్రిప్టుల్లో మొదట ఉండాల్సిన షెబాంగ్ లైను (ఏ ప్రోగ్రాంతో నడపాలో చెప్పేది) లేదు. క్రాన్ కింద షెల్ సర్దుకుపోయేది, సిస్టమ్‌డీ ఒప్పుకోదు. టెన్షన్ పడ్డాను కానీ, కారణం జర్నల్‌లో స్పష్టంగా ఉంది, పది నిమిషాల్లో సరిచేశాను.

అయితే ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మా పాత బ్యాకప్ స్క్రిప్టును ఉన్నదున్నట్టుగా టైమర్ కింద పెట్టి ఉంటే, సిస్టమ్‌డీ కూడా దాన్ని సక్సెస్ అనే చూపించేది. స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్ (0 అయితే సక్సెస్, ఇంకేదైనా వైఫల్యం) అంటే చివరి కమాండ్‌ది. పీజీ_డంప్ 127తో (కమాండ్ దొరకలేదని) పడిపోయినా, చివర్లో పాత ఫైళ్ళు తీసేసే కమాండ్ 0 ఇస్తుంది. సెట్ -ఇ (ఏ కమాండ్ పడిపోయినా స్క్రిప్టును అక్కడే ఆపేసేది) పెట్టాకే వైఫల్యం వైఫల్యంగా కనిపించింది. పాత్ సమస్య కూడా తీరలేదు: సిస్టమ్‌డీ వెతికే చోట్లలోనూ పీజీఎస్‌క్యూఎల్ బిన్ ఉండదు, కమాండ్‌కి పూర్తి దారైనా రాయాలి, సర్వీసులో పాత్ అయినా పెట్టాలి.

నచ్చనివీ ఉన్నాయి. క్రాన్‌లో ఒక్క లైనుతో అయ్యే పనికి ఇక్కడ రెండు ఫైళ్ళు (యూనిట్ ఫైళ్ళు): సర్వీసుకొకటి, టైమర్‌కొకటి. జాబ్ పడిపోతే మెయిల్ దానంతటది రాదు, ఆన్‌ఫెయిల్యూర్ సెట్టింగ్‌తో ఇంకో సర్వీసు రాసుకోవాలి. యూజర్ టైమర్లయితే లింగర్ ఆన్ చేయకపోతే లాగౌట్ తర్వాత ఆగిపోతాయి. పర్సంట్ గుర్తు బాధ రెండుచోట్లా ఉంది, దానికి వేరే అర్థం ఉంటుంది కాబట్టి: క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ జాబ్‌లు రాసే ఫైల్లో) దాని ముందు బ్యాక్‌స్లాష్, యూనిట్ ఫైల్లో దాన్నే రెండుసార్లు.

లినక్స్ సర్వర్ చూసుకునేవాళ్ళకి నేను టైమర్లే చెబుతాను. మా ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ కాని ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) మెషిన్‌లో సిస్టమ్‌డీ లేదు, అక్కడ ఇప్పటికీ క్రానే. ఆ క్రాన్‌ట్యాబ్ పైన పాత్, మెయిల్‌టు (మెయిల్ ఎవరికి పోవాలో చెప్పేది) రెండూ రాసిపెట్టాను. ఏ కొత్త స్క్రిప్టునైనా ముందు ఎన్వ్ -ఐతో ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో నడిపి చూస్తాను. పొద్దున్నే లాగిన్ కాగానే బ్యాకప్ ఫైలు సైజు చూస్తాను.