ఏడాదికోసారి వచ్చే డాక్టరా, రోజూ కనిపించే మేడమా, గోడ మీది నంబరా: హైస్కూల్ పిల్లలకు ఏది మేలు?

మా దేవరకొండ వైపు జడ్పీ హైస్కూళ్లలో పిల్లల ఆరోగ్యం చూసుకోవడానికి మూడు దారులున్నాయి. ఏడాదికోసారి బండిలో వచ్చి పిల్లలకు పరీక్షలు చేసే ప్రభుత్వ బృందం (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, ఆర్‌బీఎస్‌కే) ఒకటి. శిక్షణ తీసుకుని ఆ పని చూసే టీచర్లు రెండోది. గోడ మీద రాసిన హెల్ప్‌లైన్ ఫోన్ నంబరు మూడోది. మూడూ ఉండాలనడం తేలికే. కానీ హెడ్మాస్టరుకు ఉండే టైము, ఓపిక కొంతే. వాటిని ముందు దేని మీద పెట్టాలి? హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే నేను రెండోదాని వైపు ఉన్నాను.

అట్లని మొదటిదాన్ని తీసిపారేయను. 2013లో మొదలైన ఈ కార్యక్రమంలో పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల దాకా చూస్తారు. బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఫార్మసిస్టు, నర్సు ఉంటారు. చూపు, వినికిడి, గుండె చప్పుడులో తేడా లాంటివి మాకంటే వాళ్లే బాగా పట్టుకుంటారు. వెనక బెంచీలో కూర్చుని పక్కవాడి నోట్సు చూసి రాసుకునే పిల్లాడిని బద్ధకస్తుడని నేనే తిట్టాను. కంటి పరీక్ష చేశాక తెలిసింది, వాడికి బోర్డే కనిపించడం లేదని. ఆ విషయం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే బండి వెళ్లిపోయాక మిగిలిన రోజుల సంగతేమిటి? రక్తహీనతనే చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. మా తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు ఆ వయసు అంచునే ఉన్నారు. దీనికోసం స్కూల్లో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం. చాలామంది దాన్ని కిటికీలోంచి పారేస్తారు. ఒకసారి ప్రేయర్‌లో కూలబడిన అమ్మాయిని అడిగాను.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఏం తినలే మేడం. స్పెషల్ క్లాసుకు ఆలస్యమైతదని ఉరికొచ్చిన."

ఉత్త కడుపుతో మాత్ర వేసుకుంటే వికారంగా ఉందట, అందుకే పారేస్తోందట. మధ్యాహ్న భోజనం తిన్నాక, నా కళ్ల ముందే వేసుకోమన్నాను. మలం నల్లగా వస్తే భయపడొద్దని, మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగొద్దని చెప్పాను. ఇది రోజూ కనిపించే మనిషి చేయగల పని.

బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ సంగతీ ఇంతే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటింటికీ మంచి నీళ్లిచ్చే మిషన్ భగీరథ మొదలైంది 2016లో. శాశ్వత దంతాల పైపొర చాలావరకు ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది. అందుకే బోరు నీళ్లతో చిన్నతనం గడిపిన పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మరకలు తర్వాత మంచి నీళ్లు తాగినా పోవు. బృందం ఫారంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) అని రాసుకుని వెళ్తుంది, అది వాళ్ల పని. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుందని, జవాబు తెలిసినా లేచి చెప్పదని గమనించేది టీచరే.

2020లో కేంద్రం తెచ్చిన పథకంలో స్కూలుకు ఇద్దరు టీచర్లు, ఒక మగ, ఒక ఆడ, ఆరోగ్య రాయబారులుగా ఉండాలన్నారు. వారానికో గంట పాఠం. ఆలోచన మంచిదే, కానీ లోపాలున్నాయి. మార్కులు వేసే మనిషికి మనసు విప్పడం పిల్లలకు కష్టం. పొద్దున పిల్ల చెప్పిన మాట సాయంత్రానికి స్టాఫ్‌రూంలో తిరిగితే ఇక జన్మలో ఎవరూ నోరు విప్పరు. మరోవైపు, లైంగిక వేధింపు సంగతి తెలిస్తే దాచడం కుదరదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అందుకే "ఎవరికీ చెప్పను" అని ముందే ఒట్టు పెట్టకూడదు. "నీకు ప్రమాదమైతే మాత్రం చెప్పాల్సి వస్తుంది బిడ్డా, అది కూడా నీకు చెప్పాకే" అనాలి.

ఇక ఫోన్. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 ఉంది. అమ్మానాయినలు ముంబైకో పుణేకో పనికి పోతే అవ్వ దగ్గరుండే పాలమూరు పిల్లలకు రాత్రిపూట దిక్కు ఇదే. బటన్ ఫోన్‌తోనైనా చేయొచ్చు. కానీ ఒక్కగదిలో అవ్వ పక్కన పడుకుని ఎవరికి ఫోన్ చేస్తారు? ముందు ఒక మనిషి ధైర్యం చెబితేనే ఆ నంబరు నొక్కుతారు. పరీక్షల టెన్షన్‌లో "బతకబుద్ధి కావట్లే" అన్న పిల్ల ముందు టీచర్ తెలివి చాలదు. ఆమెను ఒంటరిగా వదలకుండా, తన పక్కన కూర్చునే నేను 14416కి చేస్తాను, ఇంటివాళ్లను పిలిపిస్తాను, ఆస్పత్రికి తీసుకెళ్తాను.

అందుకే హెడ్మాస్టర్లను నేను అడిగేది ఒకటే: జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు ఒక మేడంకు భోజనం తర్వాతి పీరియడ్ వారానికి రెండు రోజులు ఖాళీగా ఉంచండి. ఆ రోజుల్లో ఒకటి మాత్రలిచ్చే రోజు కావాలి. ల్యాబ్ పక్కన సామాను పడేసిన చిన్న గదిని ఖాళీ చేయించి, దాని తాళంచెవి ఆమెకే ఇవ్వండి.