ఆబ్లివియన్ రీమాస్టర్డ్: లెవెల్ పెరిగే పద్ధతిపై సమీక్ష

చాలా రోల్ ప్లేయింగ్ ఆటలలో శత్రువును చంపితే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు వస్తాయి, అవి ఒక మేరకు చేరితే లెవెల్ పెరుగుతుంది. బెథెస్డా సంస్థ 2006లో విడుదల చేసిన ఆబ్లివియన్ మాత్రం ఏ పని చేస్తే ఆ స్కిల్‌నే పెంచేది: కత్తి తిప్పితే బ్లేడ్, పరుగెత్తితే అథ్లెటిక్స్, గెంతితే ఆక్రోబాటిక్స్. మొదట్లో ఎంచుకున్న 7 మేజర్ స్కిల్స్‌లో అన్నీ కలిపి 10 పాయింట్లు పెరిగాక, ఎక్కడైనా మంచం చూసుకుని నిద్రపోతే లెవెల్ మారేది.

చిక్కంతా ఆ నిద్ర తరువాతే మొదలయ్యేది. పాత్రకు ఉన్న బలం, ఓర్పు వంటి 8 గుణాలలో మూడింటిని పెంచుకోవచ్చు గానీ, ఒక గుణానికి 5 పాయింట్లు రావాలంటే దాని కిందికి వచ్చే స్కిల్స్ ఆ లెవెల్‌లోనే 10 సార్లు పెరిగి ఉండాలి. ఒక్కసారీ పెరగకపోతే దక్కేది 1 మాత్రమే. పైగా ప్రతి లెవెల్‌కూ ఎండ్యూరెన్స్ (ఓర్పు) గుణంలో పదో వంతే ప్రాణబలంగా చేరేది కనుక, ఆ గుణాన్ని ఆలస్యంగా పెంచినవారికి పోయిన బలం తిరిగి వచ్చేది కాదు. అందువల్ల తెలిసినవాళ్లు, లెవెల్ తొందరపడి పెరగకుండా, తాము నిజంగా వాడే స్కిల్స్‌ను కావాలనే మేజర్ జాబితాలో పెట్టకుండా, కాగితం మీద లెక్క వేసుకుంటూ ఆడేవారు. కత్తి యోధుడి కథలో ఇంత గుమాస్తాగిరీ ఎవరు కోరుకుంటారు?

వర్చువోస్ సంస్థతో కలిసి 2025 ఏప్రిల్ 22న తెచ్చిన రీమాస్టర్డ్, అంటే అదే ఆట కొత్త రూపం, ఈ లెక్కను తీసేసింది. ఇప్పుడు మేజర్ స్కిల్స్, మిగతావైన మైనర్ స్కిల్స్ రెండూ లెవెల్‌కు తోడ్పడతాయి. లెవెల్ పెరిగిన ప్రతిసారీ 12 పాయింట్లు చేతికిచ్చి, ఒక్కోదానికి 5 మించకుండా మూడు గుణాలకు పంచుకోమంటుంది. లక్ గుణం ఒక మెట్టు పెరగాలంటే 4 పాయింట్లు ఖర్చవుతాయి. ఆ ధర నాకు సబబుగానే తోచింది. మంత్రగాడు సరదాకి కాసేపు విల్లు పట్టినా ఇక నష్టపోడు, ఈ కొత్త రూపంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ స్వేచ్ఛే.

అయితే ఆటగాడితో పాటు శత్రువులూ బలపడే పాత ఏర్పాటు అలాగే ఉంది. దారి కాచి 100 బంగారు నాణేలు అడిగే దొంగ, మన లెవెల్ బాగా పెరిగాక, ఆ నాణేలకు ఎన్నో రెట్లు విలువ చేసే గ్లాస్ కవచం తొడుక్కుని వస్తాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడికి దోపిడీ అవసరమే ఉండదు! లెవెల్ పెరిగిన ఆనందం అక్కడ సగం ఆవిరవుతుంది. ఇక ఆట ఎంత కష్టంగా ఉండాలో మనం ఎంచుకునే స్థాయిలలో, విడుదలైనప్పుడు అడెప్ట్ మరీ తేలికగా, దాని పై మెట్టయిన ఎక్స్‌పర్ట్ మరీ కఠినంగా ఉండేవి. తరువాతి అప్‌డేట్‌లో రెంటి మధ్య జర్నీమ్యాన్ అనే స్థాయిని చేర్చారు. కొత్తగా కొనేవారు ఆ స్థాయితో మొదలుపెట్టడం మంచిది.