1966 ముస్టాంగ్ కన్వర్టబుల్ పవర్ టాప్: బాగుచేయించి ఏడు వేసవులు వాడాక

మేముండేది మిషిగన్‌లోని నోవైలో. 2016లో ఒక పెద్దాయన దగ్గర 1966 ఫోర్డ్ ముస్టాంగ్ కన్వర్టబుల్, అంటే పైకప్పు (టాప్) వెనక్కి మడిచిపెట్టుకునే కారు, కొన్నాను. ఫ్యాక్టరీలో బండికి వేసిన నంబరు (VIN) 6ఎఫ్08తో మొదలవుతుంది. అంటే 66 మోడల్, డియర్‌బార్న్‌లో తయారైంది, కన్వర్టబుల్ బాడీ అని అర్థం. డియర్‌బార్న్ మా ఇంటికి అరగంట దూరం, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఆ మోడల్ ఏడాదిలో ఫోర్డ్ 72,119 కన్వర్టబుల్స్ చేసింది, అందుకే టాప్‌కి సంబంధించిన ప్రతి ముక్కా ఇవాళ్టికీ కొత్తది దొరుకుతుంది. పవర్ టాప్, అంటే స్విచ్ నొక్కితే మోటార్‌తో లేచి దిగే టాప్, మాత్రం అన్నిటికీ రాలేదు, అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సిన సౌకర్యం అప్పట్లో.

నేను కొన్నప్పుడు స్విచ్ నొక్కితే మోటార్ మూలిగేది, టాప్ వంకరగా సగం దాకా లేచి ఆగిపోయేది, మిగతా సగం నేనొక పక్క, మా ఆవిడొక పక్క పట్టుకుని లేపాల్సి వచ్చేది. వెనక సీటు పక్కన కార్పెట్ మీద ఎర్రటి నూనె మరకలు కూడా ఉన్నాయి.

లోపల జరిగేది చాలా సింపుల్. వెనక సీటు వెనకాల ఒక ఎలక్ట్రిక్ మోటార్, దానికి అతికి పంపు, నూనె డబ్బా ఉంటాయి. అక్కడి నుంచి గొట్టాలు రెండు పక్కలా ఉన్న సిలిండర్లకి వెళ్తాయి. మోటార్ ఒక వైపు తిరిగితే నూనె సిలిండర్ల అడుగు నుంచి రాడ్లని తోసి టాప్‌ని లేపుతుంది, రెండో వైపు తిరిగితే పై నుంచి తోసి దించుతుంది. ఫ్రేమ్ అయితే మన సైకిల్ రిక్షా టాప్ లాంటిదే, కమ్మీలు కొంచెం ఎక్కువ, కీళ్ళు చాలా ఎక్కువ.

మొదట చూపించిన షాపులో పంపు పోయిందన్నారు. నమ్మి కొత్త పంపు కొని వేయించాను, రెండు వందల డాలర్ల పైనే అయింది, టాప్ మాత్రం ఒక్క అంగుళం కూడా ఎక్కువ లేవలేదు. ఇది చదివేవాళ్ళు నా దగ్గర నుంచి తీసుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఇదే: ఏదైనా కొనే ముందు సిలిండర్ రాడ్లని ఫ్రేమ్‌కి కలిపే పిన్నులు రెండూ తీసేసి, తోడుగా ఒకరిని పెట్టుకుని టాప్‌ని చేత్తో లేపి దించి చూడండి. చేత్తో కూడా బిగుసుకుపోతుంటే తప్పు పంపుది కాదు, ఫ్రేమ్‌ది. నాది అలాగే ఉంది, కుడి పక్క రెండు కీళ్ళు తుప్పుతో పట్టేసి ఉన్నాయి, ఒక లింకు కొద్దిగా వంగి ఉంది. తుప్పు వదలడానికి స్ప్రే కొడుతూ, ఆడిస్తూ, తుడుస్తూ నాలుగు వీకెండ్లు పట్టింది, కానీ ఆ తర్వాత మా ఆవిడ ఒక్క చేత్తో లేపగలిగింది.

తర్వాత కరెంటు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే స్విచ్ నొక్కినప్పుడు మోటార్ దగ్గరికి 9 కూడా రావడం లేదు. ఎర్త్ వైరు స్క్రూ కింద తుప్పు, స్విచ్ వెనక కనెక్టర్ మాడిపోయి ఉంది. స్క్రూ కింద గీకి శుభ్రం చేసి, కనెక్టర్ మార్చాక 11.5 వచ్చింది. తీసేసిన పాత పంపుని కడిగి బల్ల మీద బ్యాటరీకి కలిపి చూస్తే హాయిగా తిరిగింది, స్పేర్‌గా దాచుకున్నాను.

నూనె కారింది సిలిండర్ల నుంచే. ఒక్కటే కారుతున్నా రెండూ కలిపి మార్చండి, ఎందుకంటే ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే ఒక పక్క ముందు లేచి ఫ్రేమ్ మెలి తిరుగుతుంది. గొట్టాలు కూడా అప్పుడే మార్చేయాలి, వెనక సీటు మళ్ళీ మళ్ళీ విప్పడం పెద్ద పని. ఇందులో పోయాల్సింది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. ఇంకా పాత కన్వర్టబుల్స్ కొన్నిటిలో బ్రేక్ ఆయిల్ ఉండేది, అది కారితే పెయింట్ తినేస్తుంది, పైగా ఒకదానికి తగ్గ సీళ్ళు రెండోదానికి పనికిరావు, పొరపాటున కలిపితే అన్నీ ఉబ్బి పాడవుతాయి. నూనె పోశాక నాలుగైదు సార్లు లేపి దించుతుంటే గాలి దానంతటదే పోతుంది, మధ్యలో డబ్బాలో తగ్గినంత నింపుకోవాలి.

టాప్ మీది కొత్త గుడ్డ నేను వేయలేదు, కన్వర్టబుల్ టాప్‌లు మాత్రమే వేసే ఒకాయనకి ఇచ్చాను, పదమూడు వందల డాలర్ల కూలి. ఇచ్చిన ప్రతి డాలరూ సబబే. వెనక కమ్మీ ఎంత ఎత్తులో నిలబడాలో సరిచూసుకోవడానికే ఆయన ఒక పూట తీసుకున్నాడు, అది కాస్త తేడా వచ్చినా టాప్‌ని ముందు అద్దం పైన బిగించే లాచ్‌లు అందవు, లేదంటే వెనక కిటికీ ముడతలు పడుతుంది. ఒరిజినల్‌గా వచ్చేది వినైల్, మన రెక్సిన్ లాంటిది. నేను నల్ల కాన్వాస్ వేయించుకున్నాను. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, రంగు దిగలేదు, కానీ పుప్పొడి, దుమ్ము బాగా పడతాయి, తడిసిన గుడ్డని ఆరకుండా మడిస్తే బూజు పడుతుంది. ఏడాదికోసారి వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టాలి. వెనక కిటికీకి ప్లాస్టిక్ బదులు మధ్యలో మడతపడే గాజు పెట్టించాను, ఇది మాత్రం కళ్ళు మూసుకుని పెట్టించుకోండి. ప్లాస్టిక్ చలికి పెళుసెక్కుతుంది, పసుపు రంగుకి తిరుగుతుంది, రాత్రి పూట వెనక వచ్చే బండి లైట్లు మసకగా కనిపిస్తాయి.

ఏడు వేసవుల తర్వాత పరిస్థితి: అప్పట్లో నలభై సెకన్లు మూలిగి ఆగిపోయే టాప్ ఇప్పుడు పన్నెండు సెకన్లలో లేస్తుంది. సిలిండర్లు చుక్క కూడా కారలేదు. ప్రతి ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి, అంటే డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపుకి, తీసుకెళ్తాను, వాన మొదలైతే పక్కకి ఆపి, టాప్ లేపి, లాచ్‌లు వేసుకునే లోపు సీట్లు పెద్దగా తడవవు. బండి నడుస్తుండగా మాత్రం ఎప్పుడూ లేపను, గాలికి ఫ్రేమ్ వంగిపోతుంది. దించే ముందు లాచ్‌లు రెండూ వదిలాయో లేదో చేత్తో తాకి చూస్తాను, టాప్ మడిచి పడే గుంటలో ఏమీ పెట్టనివ్వను, ఒకసారి మా అబ్బాయి గొడుగు అక్కడ వదిలేస్తే లైనింగ్ చిరిగింది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గ్యారేజీలో టాప్ లేపి, లాచ్ వేసి ఉంచుతాను, మడిచి ఉంచితే గుడ్డ కుంచించుకుపోయి వసంతంలో ముందుకి అందదు.

ఇప్పుడు మిగిలిన లోపాలు రెండు. గాజు మధ్య మడత దగ్గర రబ్బరుకి సన్నటి పగుళ్ళు కనిపిస్తున్నాయి. డ్రైవర్ వైపు డోరు అద్దం పైన రబ్బరు చచ్చుబడి, జోరువానలో ఎడమ మోకాలి మీద నీళ్ళు పడుతున్నాయి. రబ్బర్ల సెట్టు కొనిపెట్టాను, ఈ చలికాలం మారుస్తాను.