కాళ్లు గుంజుతుంటే ఏది మేలు: మెగ్నీషియమా, ఐరనా?

మలక్‌పేటలో మా అమ్మ రెండేళ్లుగా రాత్రి పదకొండు దాటాక హాల్లో తిరుగుతూనే ఉండేది. "కాళ్లు ఒకటే గుంజుతున్నయ్ బిడ్డా, లోపల పురుగులు పాకినట్టుంది" అనేది. పడుకోగానే మొదలవుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. అర్ధరాత్రి అరికాళ్లను చల్లటి గచ్చుకు రాస్తూ కూర్చునేది. వయసు వల్ల అనుకున్నాం. కాదు, అది నరాల జబ్బు. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు.

మెడికల్ షాపులో అడిగితే మెగ్నీషియం ఇచ్చారు. మూడు నెలలు వాడినా గుంజుడు తగ్గలేదు. ఈ జబ్బుకు మెగ్నీషియం పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పిక్క పట్టేయడం వేరు, ఇది వేరు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకైతే అది ఒంట్లో పేరుకుపోతుంది కూడా.

ఐరన్ సంగతి అలా కాదు. కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనం మెదడులో తయారు కావాలంటే ఐరన్ ఉండాలి. హిమోగ్లోబిన్ బాగున్నా, ఈ జబ్బున్న చాలామందికి మెదడులో ఐరన్ తక్కువగా ఉంటుందని స్కాన్లలో కనిపించింది. అమ్మ హిమోగ్లోబిన్ 12.4. "రక్తం బాగానే ఉంది" అన్నారందరూ. న్యూరాలజిస్ట్ ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష రాస్తే 18 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద అదీ నార్మలే! కానీ ఈ జబ్బులో 75 కన్నా తక్కువుంటే ఐరన్ ఇచ్చి చూడాలంటారు. ఈ ఒక్క విషయం తెలియక రెండేళ్ల నిద్ర పోయింది.

ఇక మాత్రా, డ్రిప్పా? మాత్ర చవక, ఇంట్లోనే వేసుకోవచ్చు. కానీ మలబద్ధకం, కడుపులో తిప్పడం ఉంటాయి, గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. అమ్మ నిమ్మరసంతో వేసుకుని, చాయ్ రెండు గంటలు ఆపుతోంది. చాయ్ దగ్గరే రోజూ గొడవ. మాత్ర పడనివాళ్లకు, ఒంటికి ఎక్కనివాళ్లకు డ్రిప్ మేలు. అరుదుగా రియాక్షన్ రావచ్చు కాబట్టి ఆసుపత్రిలోనే పెట్టించుకోవాలి. పరీక్ష లేకుండా మాత్రం రెండూ వద్దు, ఐరన్ ఎక్కువైనా లివర్ పాడవుతుంది.

ప్రామిపెక్సోల్ లాంటి, డోపమైన్‌లా పనిచేసే మాత్రలు మొదటి రాత్రుల్లోనే హాయినిస్తాయి. అందుకే నాకు భయం. ఏళ్ల తరబడి వాడితే ఆ మాత్రల వల్లే గుంజుడు సాయంత్రమే మొదలై చేతులకూ పాకవచ్చు. అమెరికా నిద్ర వైద్య నిపుణుల 2025 మార్గదర్శకాలు వీటిని మామూలుగా మొదటి మందుగా వాడొద్దంటున్నాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయకండి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నాలుగో నెలలో అమ్మ తెల్లవారుజాము దాకా పడుకుంటోంది. డాక్టర్ మాత్రం అక్కడితో వదల్లేదు. ఈ వయసులో ఐరన్ ఎటు పోతోంది, కడుపులో ఎక్కడైనా రక్తం కారుతోందా అని అడిగారు. వచ్చే వారం ఎండోస్కోపీ ఉంది.