హెచ్5పీ (మధ్యలో ప్రశ్నలడిగే పాఠాలు తయారుచేసే టూల్): ఆఫీసు ట్రైనింగ్‌కి చిన్న కోర్సులు చేసుకునేవాళ్ళకి నా రివ్యూ
నేను హెచ్ఆర్‌లో ట్రైనింగ్ చూస్తా. పోయినేడు దాకా పోష్ (పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల నివారణ) కోర్సు బయటోళ్ళతో చేయించేవాళ్ళం, 50 నిమిషాల వీడియో, జనం ప్లే కొట్టేసి టీకి పోయేవాళ్ళు, 2013 చట్టం అవగాహన కల్పించమంది గానీ సంతకాలు పెట్టించుకోమనలేదు కదా, నాకు చాలా బాధేసేది. ఇప్పుడు మా ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్‌లోనే హెచ్5పీతో నేనే చేస్తున్నా. ఓపెన్ సోర్స్, ఫ్రీ. మూడుల్ 3.9 నుంచి కంటెంట్ బ్యాంక్‌లోనే తయారుచేసుకోవచ్చు, కోడింగ్ రానక్కర్లేదు.

బాగా నచ్చింది ఇంటరాక్టివ్ వీడియో. మధ్యలో ఆగి ప్రశ్న అడుగుతుంది, తప్పు చెప్తే ఆ సీన్‌కే వెనక్కి పంపేలా పెట్టొచ్చు. ఒక్కో టాపిక్ 5 నిమిషాలు దాటకుండా ముక్కలు చేశా, ఫ్యాక్టరీ వాళ్ళకి తెలుగులో, ఫోన్‌లోనే చూస్తారు. వేధింపులు జరిగితే కంపెనీలోని ఫిర్యాదుల కమిటీకి ఫిర్యాదు ఎన్నాళ్ళలోపు ఇవ్వాలంటే 3 నెలలు అని ఇప్పుడు టక్కున చెప్తున్నారు, ఎంత సంతోషమో!

ఒక్క విషయం, జవాబులు బ్రౌజర్‌లోనే చెక్ అవుతాయి, కొంచెం తెలిసినోళ్ళు చూసేయగలరు. అందుకే సర్టిఫికెట్ పరీక్షకి ఇది వద్దు, మూడుల్ క్విజ్ పెట్టండి. నేర్పడానికైతే 5కి 4.5 ఇస్తా.