హిమాయత్‌నగర్ ఆదివారం గిటార్ క్లాసు: పాటలు నేర్పరు, వరసలు కట్టిస్తారు

ఈ క్లాసులో అసలు సరుకంతా ఐదక్షరాల ‘తకతకిట’ అభ్యాసంలో ఉంది. టిక్కుటిక్కుమని లయ చూపే మెట్రోనోమ్ నిమిషానికి 60 బీట్ల మీద, బీట్‌కి నాలుగు స్ట్రోకులు. కుడిచెయ్యి కిందికీ పైకీ ఆగకుండా ఆడుతుండాలి. ఐదేసి స్ట్రోకుల్లో మొదటిదే మోగాలి, మిగతావి ఎడమచేత్తో మూసిన తీగల మీద ఉత్త చప్పుడు. నాలుగు బీట్ల బార్‌లో (ఆవర్తనంలో) ఒత్తు, అంటే ఆ మోగే స్ట్రోకు, జరుగుతూ జరుగుతూ, ఐదు బార్లు పూర్తయ్యాక మళ్లీ మొదటి బీట్ మీద పడుతుంది. ఐదు బేసి కదా, ఒత్తు ఒకసారి కింది స్ట్రోకుకి, మరోసారి పైదానికి వస్తుంది. పైది పేలవంగా పలకడం మామూలే. ఖాళీలో చెయ్యి ఆపితే మాత్రం తాళం తప్పినట్టే. నోటితో చెబుతూ వాయిస్తే నిలబడుతుంది. తర్వాత ‘తకిట తకధిమి’, అంటే మిశ్రచాపు తాళం, ఏడేసి స్ట్రోకులు.

వరసలు కట్టడానికి మోహన రాగం, అదీ 2, 3 తీగల మీదే. ఆ ఇరుకే కొత్త మలుపులు పుట్టిస్తుంది.

ట్యూనింగ్ మార్పు మాత్రం హడావిడి. 6, 1 తీగల్ని E స్వరం నుంచి Dకి, 2ని B నుంచి Aకి దించాలి. కావలసిన శ్రుతి కంటే కాస్త కిందికి దించి, మళ్లీ పైకి ఎక్కిస్తేనే తీగ జారదు. ఈ ముక్క అక్కడ చెప్పరు. శ్రుతి చూపే ట్యూనర్ ఒక్కటే చేతులు మారుతుంటుంది, గిటార్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ మీరే పట్టుకెళ్లండి.