సాన్సా క్లిప్ ప్లస్‌లో రాక్‌బాక్స్: కంప్యూటర్‌కు ప్లేయర్ కనబడకపోతే

నేను ఆరేళ్లుగా పాటలు వింటున్నది సాన్సా క్లిప్ ప్లస్ అనే చిన్న ప్లేయర్‌లోనే. అయితే అందులో నడుస్తున్నది దానితో వచ్చిన ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) కాదు, 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలై తర్వాత ఎన్నో పరికరాలకు పాకిన ఉచిత ఫర్మ్‌వేర్ రాక్‌బాక్స్. దాని మంచి గురించి చెప్పే ముందు, దాన్ని ఎక్కించేటప్పుడు నాకు ఒక సాయంత్రమంతా పట్టిన చిక్కు గురించి చెప్పడం అవసరమనుకుంటున్నాను.

రాక్‌బాక్స్‌ను ఎక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాక్‌బాక్స్ యుటిలిటీ తెరిచి, పరికరాన్ని దానంతట అదే గుర్తించే బటన్ నొక్కితే, ఏదీ దొరకలేదన్న సందేశం వచ్చింది. ప్లేయర్ తెరపై మాత్రం బ్యాటరీ బొమ్మ నిండుతూనే ఉంది. ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి కేబుల్‌లో లోపం ఉండదని నమ్మి, డ్రైవర్లను రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. యూఎస్‌బీ కేబుల్‌లో విద్యుత్తుకు ఒక జత తీగలు, డేటాకు మరో జత ఉంటాయి. ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్లలో ఆ రెండో జత ఉండదు. ఈ ప్లేయర్‌ది మినీ యూఎస్‌బీ సాకెట్ కావడంతో, పాత సామానులో దొరికిన కేబుల్‌ను తగిలించి నేను మోసపోయాను.

కేబుల్ మార్చాక సందేశం మారింది. ప్లేయర్ దొరికిందని, కానీ అది ఎంటీపీ పద్ధతిలో ఉన్నందున ఎంఎస్‌సీకి, అంటే మామూలు డిస్కులా కనబడే పద్ధతికి, మార్చాలని యుటిలిటీ చెప్పింది. ఎంటీపీలో ఉన్నప్పుడు ప్లేయర్ తన ఫైళ్ల జాబితాను తానే కంప్యూటర్‌కు అందిస్తుంది తప్ప, డిస్కుగా కనబడదు. విండోస్‌లో డిస్కుకు వచ్చే E: లాంటి డ్రైవ్ అక్షరం లేకపోతే యుటిలిటీకి ఫైళ్లు రాసే చోటే ఉండదు. ప్లేయర్ సెట్టింగులలో యూఎస్‌బీ మోడ్ అన్న చోట "ఆటో డిటెక్ట్"కు బదులు ఎంఎస్‌సీ ఎంచుకుని, కేబుల్ తీసి మళ్లీ పెడితే డ్రైవ్ అక్షరం వచ్చింది. లినక్స్ వాడేవారు అనుసంధానమైన యూఎస్‌బీ పరికరాల జాబితా చూస్తే, తయారీదారు సంఖ్య 0781 అలాగే ఉండి, మోడ్‌ను బట్టి దాని పక్కనున్న పరికరం సంఖ్య మారడం గమనించవచ్చు. ఆ సంఖ్యలేవీ కనబడకపోతే తప్పు కేబుల్‌దో సాకెట్‌దో అనుకోవాలి, సాఫ్ట్‌వేర్‌ను అనుమానించి ప్రయోజనం లేదు.

మైక్రో ఎస్‌డీ కార్డు లోపల ఉంటే ప్లేయర్ రెండు డ్రైవులుగా కనబడుతుంది. రాక్‌బాక్స్ ఎక్కవలసింది లోపలి మెమరీకే కనుక, పని ముగిసేదాకా కార్డు తీసి పక్కన పెట్టడం మేలు. ఆ తర్వాత యుటిలిటీ అసలు ఫర్మ్‌వేర్ ఫైల్‌ను అడిగి, దానిలో బూట్‌లోడర్‌ను (ఆన్ చేయగానే రాక్‌బాక్స్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను) చేర్చి ప్లేయర్‌లోకి కాపీ చేస్తుంది. డ్రైవ్‌ను సరిగ్గా ఎజెక్ట్ చేసి కేబుల్ తీశాక ప్లేయర్ తనంతట తాను అప్‌డేట్ చేసుకుంటుంది. ఆ కాసేపు దాన్ని ముట్టుకోకూడదు.

ఇన్నేళ్ల వాడకంలో నాకు బాగా నచ్చినది పారామెట్రిక్ ఈక్వలైజర్, అంటే కావలసిన స్వరస్థాయిని ఎంచుకుని దాన్నే పెంచుకునే, తగ్గించుకునే సదుపాయం. నా ఇయర్‌ఫోన్లలో మంద్రస్వరాలు మరీ ముందుకు వచ్చేవి, వాటిని నాలుగు డెసిబెళ్లు తగ్గించాక మృదంగం వెనుక తంబురా శ్రుతి స్పష్టంగా వినిపించింది. అసలు ఫర్మ్‌వేర్ కూడా లోపల భద్రంగానే ఉంటుంది. ఎడమ బటన్ నొక్కి పట్టి ఆన్ చేస్తే అదే తెరుచుకుంటుంది కాబట్టి, కొత్తగా ప్రయత్నించేవారు భయపడనక్కర్లేదు.

రాక్‌బాక్స్ ఎక్కాక కూడా కార్డు కనబడకపోతే, దాని ఫార్మాట్ చూడండి. 64 జీబీ, అంతకు మించిన కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, రాక్‌బాక్స్‌కు కావలసింది ఫ్యాట్32. నా కార్డును అలా మార్చి పాటలన్నీ తిరిగి ఎక్కించాక, ఇప్పటిదాకా మళ్లీ ఏ ఇబ్బందీ రాలేదు.